విండోస్‌లోనే లినక్సా, డ్యూయల్ బూటా: కోడ్ రాసేవాళ్లకు ఏది మేలు?

విండోస్ వదలకుండా లినక్స్ సర్వర్లకు కోడ్ రాయాలంటే ప్రధానంగా రెండు దారులు: విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే మైక్రోసాఫ్ట్ సదుపాయం డబ్ల్యూఎస్ఎల్ 2 పెట్టుకోవడం, లేదా డిస్క్‌ను పంచి రెండు సిస్టమ్‌లూ పెట్టి, ఆన్ చేసేటప్పుడు ఒకదాన్ని ఎంచుకునేలా డ్యూయల్ బూట్ చేసుకోవడం. వెబ్, బ్యాకెండ్ పనికి 16 జీబీ ర్యామ్ ఉంటే డబ్ల్యూఎస్ఎల్ 2 వైపే నా మొగ్గు.

పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డబ్ల్యూఎస్ఎల్ ఇన్‌స్టాల్ కమాండ్ ఇచ్చి రీస్టార్ట్ చేస్తే ఉబుంటు అనే లినక్స్ వచ్చేస్తుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. చాలామంది ప్రాజెక్టును సీ డ్రైవ్‌లోనే ఉంచి ఉబుంటు నుంచి తెరుస్తారు. అప్పుడు తెరిచిన ప్రతి ఫైలూ రెండు సిస్టమ్‌ల మధ్య అటూ ఇటూ తిరగాలి. వేలకొద్దీ చిన్న ఫైళ్లుండే నోడ్ (జావాస్క్రిప్ట్) ప్యాకేజీల ఇన్‌స్టాల్, కోడ్‌లో ఏం మారిందో చూపే గిట్ స్టేటస్ కమాండ్ నత్తనడక పడతాయి. పైగా విండోస్ వైపు ఫైలు సేవ్ చేసిన కబురు ఉబుంటులో పేజీని నడిపే డెవ్ సర్వర్‌కు చేరదు, పేజీ దానంతటది రీలోడ్ కాదు. కోడ్‌ను లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోకే క్లోన్ చేసి, వీఎస్ కోడ్ ఎడిటర్‌ను డబ్ల్యూఎస్ఎల్ ఎక్స్‌టెన్షన్‌తో వాడితే రెండు బాధలూ పోతాయి. ర్యామ్‌లో సగం దాకా తీసుకునే వీలు డబ్ల్యూఎస్ఎల్ 2కు ఉంటుంది కాబట్టి, యూజర్ ఫోల్డర్‌లోని డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్ ఫైల్లో మెమరీ పరిమితి రాసి, ఒకసారి డబ్ల్యూఎస్ఎల్ షట్‌డౌన్ ఇవ్వండి.

8 జీబీ ర్యామే ఉన్నా, కెర్నల్ డ్రైవర్లు రాస్తున్నా, యూఎస్‌బీ బోర్డులతో రోజూ పనున్నా డ్యూయల్ బూటే నయం. ముందు డేటా బ్యాకప్ తీసి, డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ రికవరీ కీని వేరేచోట భద్రపరచండి. బూట్ సెట్టింగులు మారితే బిట్‌లాకర్ ఆ కీ అడగొచ్చు, కీ లేకపోతే డిస్క్ తెరుచుకోదు. తర్వాత విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే పార్టిషన్ కుదించండి. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయడం మరవొద్దు: అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, లినక్స్‌లో ఆ డ్రైవ్ చదవడానికే తప్ప రాయడానికి రాదు. గడియారం తేడా కూడా వస్తుంది. హార్డ్‌వేర్ టైమ్‌ను విండోస్ స్థానిక సమయం అనుకుంటుంది, లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. రెంటిలో ఒకదాని సెట్టింగ్ మార్చాలి.

మూడో దారి వర్చువల్ మెషీన్, అంటే విండోస్‌లో ఒక ప్రోగ్రామ్‌లా నడిచే పూర్తి లినక్స్ కంప్యూటర్, ప్రయోగాలకు బాగుంటుంది. అప్పటి స్థితిని స్నాప్‌షాట్‌గా దాచుకుని, ఏదైనా చెడితే వెనక్కి వెళ్లొచ్చు. రోజంతా పనికి మాత్రం బరువు.

ఏ దారి పట్టినా లైన్ ఎండింగ్స్, అంటే ఫైల్లో ప్రతి లైను చివర ఉండే కనపడని గుర్తులు, సరిచూడండి. విండోస్‌లో అవి సీఆర్ఎల్ఎఫ్, లినక్స్‌లో ఎల్ఎఫ్. విండోస్ గిట్ సీఆర్ఎల్ఎఫ్‌తో చెకౌట్ చేసిన షెల్ స్క్రిప్ట్‌ను లినక్స్‌లో నడిపితే ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ లాంటి ఎర్రర్ వస్తుంది. రిపోలోని గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్లో షెల్ స్క్రిప్టులకు ఎల్ఎఫ్ అని రాసిపెడితే టీమ్‌లో ఎవరికీ ఈ సమస్య రాదు.