‘కాదు’ను మింగేసిన మైకు

ఇరవై ఏళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ప్రతి ఆదివారం సాయంత్రం ఒక గంటసేపు మందుల వాడకం గురించి ఆన్‌లైన్‌లో ప్రత్యక్షంగా మాట్లాడతాను. మొదట్లో వినేవాళ్లు పదకొండు మంది, అందులో ముగ్గురు మా బంధువులే. ఇప్పుడు నాలుగు వేలు దాటారు. అంతమంది వింటున్నప్పుడు ఇయర్‌ఫోన్ల మైకుతో నెట్టుకురావడం బాగుండదని ఈ యూఎస్‌బీ మైకు కొన్నాను. ఎనిమిది నెలలు వాడాక రాస్తున్న సమీక్ష ఇది.

ధ్వనికి వంక పెట్టలేను. కార్డియాయిడ్ రకం కాబట్టి ఎదుటి నుంచి వచ్చే మాటను పట్టుకుని, వెనక తిరిగే ఫ్యాను రొదను చాలావరకు వదిలేస్తుంది. నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టుకుంటే ‘ప’, ‘భ’ పలికినప్పుడు గాలి దెబ్బ వినిపించదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది పైనున్న మ్యూట్ మీట. వేలు తాకిస్తే చాలు, ఎర్రదీపం వెలిగి మైకు మూగబోతుంది. దగ్గు వస్తే నొక్కుకోవడానికని కంపెనీవాళ్లు రాశారు. నేను వాడేది వేరే పనికి. “షుగరు మందు మానేయవచ్చా?” అని ఎవరో అడుగుతారు. ఏదో ఒకటి చెప్పెయ్యాలని నోరు ఉబలాటపడుతుంది. అప్పుడు మీట తాకి, పుస్తకం తిరగేసి, మళ్లీ తెరుస్తాను. ఒక్కోసారి తెరిచాక చెప్పేది “మీ డాక్టరునే అడగండి” అన్న మాట ఒక్కటే. రేడియోవాళ్లు శ్రోతల ఫోన్లను నేరుగా వినిపించేటప్పుడు కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టుకుంటారు, తప్పుడు మాట బయటికి పోకముందే కత్తిరించడానికి. నాకు అలాంటి ఏర్పాటు లేదు. ఈ ఎర్రదీపమే దిక్కు.

ఇక నా ఫిర్యాదు. మైకుతో పాటు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ‘శబ్ద నివారణ’ అని ఒకటుంది. కొన్న రోజు నుంచీ దానంతటదే పనిచేస్తూ ఉంటుంది. గొంతు ఒక స్థాయి కన్నా తగ్గితే అది చప్పుడు కాబోలనుకుని తలుపు మూసేస్తుంది. తెలుగులో అసలు సంగతి ఉండేది వాక్యం చివరే కదా! నాకేమో చివరికి వచ్చేసరికి గొంతు దించే అలవాటు.

మూడో నెలలో ఒకరోజు, “పిల్లలకు జ్వరం వస్తే ఆస్పిరిన్ ఇవ్వడం మంచిది” అని, ఒక్క క్షణం ఆగి, “కాదు” అన్నాను. ఆ ‘కాదు’ను సాఫ్ట్‌వేర్ మింగేసింది. ఐదు నిమిషాల తర్వాత ఒక తల్లి ప్రశ్న కనిపించింది: “ఎంత డోసు వేయాలండీ?”

గుండె గుభేలుమంది. ఫ్లూ, ఆటలమ్మ లాంటి జబ్బుల్లో పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే రై సిండ్రోమ్ అనే, అరుదైనదే అయినా మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే వ్యాధి రావచ్చు. బ్రిటన్‌లో 1986లో పన్నెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వవద్దన్నారు, 2002లో ఆ హద్దును పదహారేళ్లకు పెంచారు. నేనేమో ‘మంచిది’ అని కూర్చున్నాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకునే మాట్లాడాను, అయినా నాకు తెలియలేదు. మైకుకున్న హెడ్‌ఫోన్ రంధ్రంలో వినిపించేది సాఫ్ట్‌వేర్ కత్తెర పడకముందు ధ్వని. వినేవాళ్లకు చేరేది వేరు. ఈ సంగతి పెట్టెలోని కాగితంలో ఎక్కడా లేదు. అందుకే ఒక నక్షత్రం కోత.

అక్కడికక్కడే మూడుసార్లు సరిదిద్ది చెప్పాను. కానీ ఆ ఐదు నిమిషాల్లో వెళ్లిపోయినవాళ్ల సంగతి? రికార్డింగు తీసేస్తే వాళ్ల చెవిలో పడ్డ మాట పోదు. ఆ రాత్రే రాతలో సవరణ పెట్టాను, తర్వాతి ఆదివారం నమస్కారం కన్నా ముందు అదే చెప్పాను. నేరం మైకు మీదికి నెట్టేద్దామని నోటిదాకా వచ్చింది. గొంతు దించింది నేనే కాబట్టి ఊరుకున్నాను.

ఇప్పుడు శబ్ద నివారణ పూర్తిగా ఆపేశాను. ఫ్యాను చప్పుడు కొంచెం వినిపిస్తుంది, వినిపించనివ్వండి. వద్దనాల్సిన చోట ‘వద్దు’తోనే మొదలుపెడుతున్నాను: “వద్దు, పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వవద్దు.” కొనేవాళ్లు మొదటిరోజే రెండు నిమిషాలు రికార్డు చేసి, వేరే ఫోనులో విని చూసుకోండి.

ఐదుకు మూడున్నర. మిగతా అర ఎందుకు తగ్గిందంటే, అడుగునున్న రబ్బరు చుట్టు రెండో నెలకే ఊడింది. జిగురుతో అంటించుకున్నాను.