నాటాల్ ఓడ జాబితాల్లో నాలుగేళ్లు: ముత్తాత అన్నను వెతికిన అనుభవం

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. నాయనమ్మది మాత్రం ఇచ్ఛాపురం పక్క పల్లె. ఆమె నోట చిన్నప్పటి నుంచి వింటూ వచ్చిన మాట ఒకటుంది: తన మామగారి అన్న, అంటే మా ముత్తాత అన్న, పెళ్లికాని వయసులో ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు. ఎక్కడికి పోయాడంటే "రంగం" అనేది, అంటే బర్మాలోని రంగూన్. గోపాలపూర్ రేవు నుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచిన రోజులు కాబట్టి మా వైపు ఓడెక్కిన ప్రతివాడూ రంగం వెళ్లినట్టే లెక్క. నేనూ అదే నమ్మి మొదటి ఏడాదంతా బర్మా వైపే వెతికాను. ఆ ఏడాది పూర్తిగా వృథా. రంగం వెళ్లినవాళ్లను ఎక్కువగా మేస్త్రీలు బయానా ఇచ్చి తీసుకుపోయేవారు. ఎవరి ఊరేది, తండ్రెవరు అని మనిషి మనిషికీ ఒక వరుస రాసిన జాబితా అటువైపు నాకు ఎక్కడా దొరకలేదు.

దారి మార్చింది నాయనమ్మే. ఒకరోజు మాటల్లో, "ఒకే ఒక్క ఉత్తరం వచ్చిందట, చెరుకు కొడుతున్నానని" అంది. రంగంలో మనవాళ్లు చేసింది బియ్యం మిల్లుల్లో, రేవులో కూలిపని. చెరుకు అంటే నాటాల్ (ఇప్పటి దక్షిణాఫ్రికాలో ఉంది), మారిషస్, ఫిజీల్లో ఏదో ఒకటి అయ్యుండాలి. ఈ మూడు చోట్లకూ వెళ్లినవాళ్లు గిర్మిట్ మీద, అంటే ఐదేళ్ల ఒప్పందం మీద వెళ్లారు. ఒప్పందం ఉంది కాబట్టి కాగితమూ ఉంది.

నేను ఎక్కువగా వాడింది నాటాల్ ఓడ జాబితాలు. ఇవి డర్బన్‌లో, క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయానికి చెందిన గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ దగ్గరున్నాయి, కంప్యూటర్‌లోకి కూడా ఎక్కించారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో అనే ఓడతో మొదలై 1911 దాకా వస్తాయి. మొత్తం 1,52,184 మంది, వాళ్లలో మూడింట రెండొంతుల మంది మద్రాసులో ఓడెక్కినవాళ్లే. ఒక్కో మనిషికి ఒక్కో వరుస ఉంటుంది: కలోనియల్ నంబరు (అలా వెళ్లిన ఒక్కో మనిషికి ఇచ్చిన సంఖ్య), పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, థానా (పోలీసు స్టేషను పరిధి), ఊరు, ఒంటి మీద గుర్తులు. ఆ చివరి గడి మొదటిసారి చూసినప్పుడు కాసేపు అలాగే కూర్చుండిపోయాను. పేదవాడి ఫొటో ఎవరూ తీయని కాలంలో అతని చేతి మీది మచ్చను ఒక గుమాస్తా రాసి పెట్టాడు.

ఇక వాడకం సంగతి. అసలు చెప్పాలనుకున్నది ఇదే: పేరుతో వెతక్కండి, ఊరితో వెతకండి. నేను రెండేళ్లు పేరుతోనే వెతికాను. మా పెద్దాయన పేరు అప్పలతో మొదలవుతుంది. సింహాద్రి అప్పన్న దయవల్ల మా వైపు ఇంటికొక అప్పలస్వామి, వీధికొక అప్పలనరసయ్య ఉంటారు. మన నోటి మాటను ఆ రాసేవాడు తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాశాడు, వందేళ్ల తర్వాత ఇంకొకరు ఆ చేతిరాత చూసి టైపు చేశారు, ఒక్కో అక్షరం ఒక్కో చేతిలో మారిపోయింది. ఒకే పేరు అప్పల్సామీ, అపుల్సమీ, అప్పాసామీ అని మూడు రకాలుగా కనబడుతుంది. ఇంటిపేరు అసలు ఉండదు. మధ్యలో ఏడాది చందా కట్టించుకునే ఒక వెబ్‌సైట్‌లో కూడా చేరాను, పేరు చెప్పను, అక్కడ ఇంటిపేరు గడి నింపకపోతే వెతకనివ్వదు. ఇంటిపేరును తెచ్చి తెచ్చి ముందు పెట్టుకునే మనకు, అది ఏ గడిలోనూ లేని ఈ రికార్డులకు అలాంటి పద్ధతి పనికిరాదు. ఆ డబ్బులు పోయినట్టే.

ఊరి పేరూ చెడిపోయే ఉంటుంది, కానీ ఊళ్లు లెక్కకు అందుతాయి. మా తాలూకాలో ఉన్న ఊళ్లన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, ఒక్కో పేరును పైకి చదువుతూ ఇంగ్లీషువాడు ఎలా రాసి ఉంటాడా అని నాలుగైదు రకాలు పక్కనే రాసుకున్నాను.

ఇక్కడ సరిహద్దు మనుషులకు మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ అందులోనివే. శ్రీకాకుళం జిల్లా అనేది 1950లో గానీ రాలేదు. కాబట్టి ఈరోజు ఆంధ్రాలో ఉన్న మీ ఊరు జాబితాలో గంజాం కింద ఉంటుంది, శ్రీకాకుళం "చికాకోల్" అని ఉంటుంది. పర్లాకిమిడి, ఛత్రపురం వైపు ఊళ్లకైతే ఈరోజు బోర్డు మీద ఉన్న ఒడియా పేరు కాకుండా మన పెద్దవాళ్ల నోట్లో ఉన్న తెలుగు పేరుతో వెతకాలి. పాత జిల్లా కాగితాల కోసం భువనేశ్వర్ వెళితే సగం పని, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి కూడా వెళ్లాల్సిందే.

ఊరితో మొదలుపెట్టిన నాలుగో నెలలో దొరికాడు. 1902, ఓడ పేరు ఉమ్లాజీ, వయసు 20, ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ. పేరు సగమే సరిపోయింది, తండ్రి పేరు దాదాపు సరిపోయింది, ఊరు సరిపోయింది. కానీ నన్ను కదిలించింది కింది వరుసలు. అతని వెనకే వరుస నంబర్లతో ఇంకో ముగ్గురు, అదే ఊరు, అదే థానా, అందరూ పాతికలోపువాళ్లే. మా ఇంట్లో వందేళ్లుగా చెప్పుకున్నది "ఇంటి మీద అలిగి ఒంటరిగా పోయాడు" అని. ఒంటరిగా పోలేదు. నలుగురు కుర్రాళ్లు కలిసి వెళ్లారు. ఒక మనిషి దొరికితే అక్కడే ఆపెయ్యకండి, పైన పది వరుసలు, కింద పది వరుసలు చదవండి.

తండ్రి పేరు "దాదాపు" దగ్గర ఆగిపోవడం ఇష్టం లేక పూరీ వెళ్లాను. మా పెద్దలు జగన్నాథుడి దర్శనానికి వెళ్లేవారని తెలుసు, యాత్రికుల పేర్లు పండాలు, అంటే అక్కడి తీర్థ పురోహితులు, పుస్తకాల్లో రాస్తారనీ తెలుసు. ఊరు, కులం చెబితే మా పండా ఎవరో తేల్చడానికి ఒక పూట పట్టింది. పొడవాటి పాత పుస్తకం తీశారు. నాకు ఒడియా చదవడం బాగానే వచ్చు గానీ అది కరణి రాత, అంటే పాతకాలం లేఖకుల గొలుసుకట్టు ఒడియా, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయనే వేలు పెట్టి చదివారు: తండ్రి పేరు, కింద ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మా అప్పల. రికార్డులో తండ్రి పేరు చివర తెగిపోయిన రెండక్షరాలు అక్కడ నిండాయి. నెట్‌లో నాలుగేళ్లు కూర్చున్నా రాని నమ్మకం ఆ ఒక్క పేజీతో వచ్చింది.

ఇంటికొచ్చి నాయనమ్మకు మచ్చ సంగతి చెప్పాను. "ఎడం చెయ్యా?" అని అడిగింది. కాసేపాగి, "బెల్లం వండే ఇల్లు కదరా, కాలక ఏమవుద్ది" అంది. మచ్చ ఉండేదని ఆమెకూ తెలియదు, ఆమె ఆ ఇంటికొచ్చేసరికే అవన్నీ పాత సంగతులు. అయినా ఆ రోజు నుంచి రంగం అనడం మానేసింది.

లోపాలూ చెప్పాలి. ఓడ జాబితా మనిషిని డర్బన్ రేవులో దింపి వదిలేస్తుంది. ఎవరి తోటలో పనిచేశాడు, పెళ్లయిందా, ఎక్కడ పోయాడు అనేది కావాలంటే పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఉన్న ఇండియన్ ఇమిగ్రేషన్ శాఖ ఫైళ్లు చూడాలి, అక్కడ పేరు కంటే కలోనియల్ నంబరే ముఖ్యం, దొరికిన రోజే రాసి పెట్టుకోండి. నేనింకా ఆ దశలోనే ఉన్నాను. కులం గడిని నమ్మి ఎవరినీ కొట్టెయ్యొద్దు, చెప్పినవాడు ఒకటి చెప్పి, రాసినవాడు ఇంకోటి రాసిన వరుసలు చాలా చూశాను. వయసు కూడా రెండు మూడేళ్లు అటూ ఇటూ చూసుకోవాలి.

మీవాళ్లు మారిషస్ అయితే మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రికార్డులున్నాయి, కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి, అది అదృష్టమే. ఫిజీ అయితే మద్రాసు వైపు నుంచి మనుషుల్ని తీసుకోవడం 1903లో గానీ మొదలవలేదు, అంతకుముందు పోయాడని ఇంట్లో చెబితే అక్కడ వెతికి టైమ్ పోగొట్టుకోకండి.

అన్నిటికంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి, "ఎక్కడికి పోయాడు" అని కాకుండా "ఏం పని చేసేవాడట" అని అడగండి. మా నాయనమ్మకు 88 ఏళ్లు. చెరుకు మాట ఆమె అనకపోయి ఉంటే నేనింకా రంగూన్ చుట్టూనే తిరుగుతూ ఉండేవాణ్ని.

ఇచ్ఛాపురం, సోంపేట, బారువ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు జాబితాల్లో ఏయే రూపాల్లో కనబడ్డాయో రాసుకున్న నోట్‌బుక్ నా దగ్గరుంది, 140 దాకా ఊళ్లయ్యాయి. ఎవరికైనా కావాలంటే ఊరి పేరు చెప్పండి, చూసి పంపిస్తాను. ఆ మిగతా ముగ్గురి ఇళ్లవాళ్లు ఎవరైనా ఇది చదివితే వాళ్ల నంబర్లు కూడా నా దగ్గరున్నాయి.