రిట్రాక్ట్‌లు కొంటున్నారా? రెక్క కోయకముందే బ్లేడుతో గీకి చూడండి

రిమోట్‌తో ఎగరేసే ఫోమ్ బొమ్మ విమానానికి ముడుచుకునే చక్రాలు (రిట్రాక్ట్‌లు) పెట్టాలనుకునేవాళ్లు, ఆన్‌లైన్‌లో 'ఫుల్ మెటల్' పేరుతో అమ్ముతున్న ఎలక్ట్రిక్ రిట్రాక్ట్ సెట్ల విషయంలో జాగ్రత్తగా ఉండండి. 1,850 రూపాయలు పెట్టి కొన్నాను. మూడో ల్యాండింగుకే ఎడమ కాలు ఊడి చేనులో పడింది.

నాది 1.2 మీటర్ల రెక్కల ఈపీవో ఫోమ్ యుద్ధవిమానం. బ్యాటరీతో కలిపి 1.3 కిలోలు. అనంతపురం శివారులో వేరుశనగ పీకేసిన చేనే మాకు రన్‌వే: ఎర్రనేల, అక్కడక్కడ గులకరాళ్లు. మామూలు తీగ కాళ్లతో రెండేళ్లు ఏ గొడవా లేకుండా ఎగిరింది. కాకపోతే గాల్లో కాళ్లు వేలాడేసుకుని కందిరీగలా కనబడేది. అదొక్కటే నాకు కంటగింపు.

సెట్టు 2.5 కిలోల విమానం దాకా మోస్తుందని ప్రకటనలో ఉంది. ఫొటోలో ట్రనియన్ తళతళలాడుతోంది. కాలి తీగను గుచ్చి తల లేని చిన్న గ్రబ్ స్క్రూతో బిగించే దిమ్మ అది. మోటారు మరకడ్డీని తిప్పితే నట్టు జరిగి ఈ దిమ్మను తిప్పుతుంది, కాలు ముడుచుకుంటుంది. నేలను తాకినప్పుడు దెబ్బంతా పడేది దాని మీదే.

విరిగిన ముక్కను ఇంటికి తెచ్చి దీపం దగ్గర పెట్టి చూశాను. గ్రబ్ స్క్రూ రంధ్రం దగ్గర నిలువునా చీలింది. చీలిన చోట లోపల తెల్లగా ఉంది. బ్లేడుతో గీకితే వెండిరంగు పొట్టులా లేచి, కింద ప్లాస్టిక్ బయటపడింది. 3 మిల్లీమీటర్ల ఉక్కు తీగ మాత్రం వెంట్రుకవాసి కూడా వంగలేదు. నిజానికి వంగాల్సింది ఆ తీగే. వంగితే పట్టకారుతో సరిచేసుకుని మళ్లీ ఎగరేస్తాం. అయస్కాంతం పెట్టి చూసి ధీమాగా ఉండకండి, అల్యూమినియం కూడా దానికి అంటుకోదు. గీకి చూడటమే దారి.

తప్పు నాదీ ఉంది. బల్ల మీద పరీక్షించినప్పుడు కుడి కాలు మూడు సెకన్లలో దిగితే ఎడమది ఐదు సెకన్లు తీసుకుంది. కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. రెండోసారి ఎగరేసినప్పుడు ఆ కాలు సగంలో ఇరుక్కుంది. ఇలాంటి సెట్లలో కాలు చివరిదాకా వచ్చినా, మధ్యలో ఇరుక్కున్నా మోటారు లాగే కరెంటు పెరుగుతుంది, అప్పుడు సర్క్యూట్ దాన్ని ఆపేయాలి. ఇది ఆపలేదు. స్పీడ్ కంట్రోలర్‌లోని 5 వోల్టుల బీఈసీ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే సర్క్యూట్) మీదే రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్, రెక్కల, తోక పలకలను కదిపే నాలుగు సర్వోలు, రెండు రిట్రాక్ట్‌లు ఆధారపడి ఉన్నాయి. సర్వోలు వణకడం కిందినుంచే కనబడింది. వోల్టేజీ ఇంకొంచెం పడి రిసీవర్ ఆగిపోతే విమానం మన మాట వినదు. స్విచ్ వెనక్కి వేస్తే అదృష్టం కొద్దీ రెండు కాళ్లూ ముడుచుకున్నాయి, పొట్ట మీద దించాను. ఒక కాలు దిగి ఒకటి దిగకపోతే మీరూ అదే చేయండి. ఫోమ్ పొట్టకు గీతలు పడతాయి, అంతే. తర్వాత రిట్రాక్ట్‌లకు వేరే బీఈసీ పెట్టి, గ్రీజు రాసి, మూడోసారి ఎగరేశాను. ఫలితం పైన చెప్పాను.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే, జిగురు మరక ఉంది కాబట్టి వాడిన వస్తువు, వాపసు తీసుకోం అన్నారు. ప్లైవుడ్ పలకను ఎపాక్సీతో రెక్కలో అంటించేటప్పుడు ఒక చుక్క తగిలిన మాట నిజమే. దానికీ లోపలి ప్లాస్టిక్‌కూ సంబంధం ఏమిటో వాళ్లే చెప్పాలి. అందుకే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. గీకడం, సెకన్లు లెక్కపెట్టడం, రెండు కాళ్లనూ ఒక యాభైసార్లు బల్ల మీదే ముడిచి దించడం అయ్యాకే రెక్కకు కత్తి పెట్టండి. ఫోమ్‌లో ఒకసారి గుంట తవ్వాక మళ్లీ పూడ్చడం ఎంత విసుగో నేనిప్పుడు అనుభవిస్తున్నాను.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. నాలుగు రోజుల తర్వాత ఆ ప్రకటనలో 'ఫుల్ మెటల్' పోయి 'మెటల్ ఫినిష్' వచ్చింది. ఫొటో మాత్రం పాతదే.