ఎక్స్‌పల్స్ 210నా, 390 ఎండ్యూరో ఆర్‌నా: మన డొంకలకి ఏది మేలు?

"హీరో ఎక్స్‌పల్స్ 210 తీసుకోమంటారా, ఇంకాస్త అప్పు చేసి కేటీఎం 390 ఎండ్యూరో ఆర్‌కి పొమ్మంటారా?" బెజవాడ, గుంటూరు కుర్రాళ్లలో మట్టిబండి మీద మనసు పడ్డ ప్రతివాడూ ఇదే అడుగుతున్నాడు. 390లో సస్పెన్షన్ పొడుగు పెంచిన రకం వచ్చాక ఇది మరీ ఎక్కువైంది. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే ఓపిక అయిపోయింది. రెండూ తారు మీదా మట్టిలోనూ తోలాను గనక అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తాను.

కాగితం మీది లెక్కలు మీకు నోటికి వచ్చే ఉంటాయి. అయినా కొన్ని పక్కపక్కన పెట్టకపోతే తర్వాత చెప్పేది కుదరదు. ఇంజను బలం 390కి 46 పీఎస్ (గుర్రపు శక్తి లెక్క), 210కి 24.6. దాదాపు రెట్టింపు. బరువు చూస్తే అది 177 కిలోలు, ఇది 170 దరిదాపుల్లో. ఇక్కడితో ఆపేస్తే 390 గెలిచినట్టే, ఎవరిళ్లకి వాళ్లు పోవచ్చు.

తిరకాసు సస్పెన్షన్ దగ్గరుంది. 2025 ఏప్రిల్లో మన దేశంలో మొదట దిగిన 390కి ముందు 200, వెనక 205 మి.మీ. ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం), సీటు ఎత్తు 860. ఎండ్యూరో అని పేరు పెట్టి ట్రావెల్ కోసేశారేంటని జనం గోల పెట్టారు. దాంతో బయటి దేశాల్లో అమ్మే రకాన్నే ఇక్కడికీ తెచ్చారు: ముందూ వెనకా 230, గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుక్కీ మధ్య ఎత్తు) 272, సీటు 890. ఎక్స్‌షోరూమ్ ధర 3.37 లక్షల నుంచి 3.54 లక్షలకి ఎక్కింది. 2025 జనవరిలో 1.76 లక్షలకి మొదలైన ఎక్స్‌పల్స్ 210కి ముందు 210, వెనక 205, క్లియరెన్స్ 220, సీటు 830. తమాషా ఏంటంటే, మొదట వచ్చిన 390 కన్నా దాని సగం ధర హీరో బండికే ముందు ఫోర్కు ఒక సెంటీమీటరు ఎక్కువ కదులుతుంది. ఎంత కదులుతుందన్నది ఒకటి, ఎంత పద్ధతిగా కదులుతుందన్నది ఇంకొకటి అనుకోండి. ఆ రెండో విషయంలో 390కి ఉన్న డబ్ల్యూపీ కంపెనీ ఫోర్కుకి వంక పెట్టలేం. కంప్రెషన్ (నొక్కుకునే తీరు), రీబౌండ్ (తిరిగి లేచే తీరు) రెండూ తిప్పుకోవచ్చు, గుంటలో పడ్డాక బండి ఒక్కసారే లేచి ఒక్కసారే కుదురుకుంటుంది. 210 అదే గుంటలో ఇంకో ఊపు ఊగుతుంది.

హైవే సంగతి ముందు తేల్చేద్దాం. బండిని ట్రాలీలో ఎక్కించుకుని మట్టి దాకా తీసుకెళ్లేవాళ్లు మనలో లేరు. వారధి దాటి, లారీల మధ్య హైవే మీద పోయి, అప్పుడు ఏదో ఊరి దగ్గర డొంకలోకి దిగాలి. పొద్దెక్కాక ఒళ్లు హూనమై అదే దారిన వెనక్కి రావాలి. 390కి ఇది లెక్కే కాదు. ఏ గేరులో ఉన్నా మణికట్టు తిప్పితే లారీ వెనక్కి పోతుంది. 210 కూడా పాత ఎక్స్‌పల్స్ 200 4వీలా 90 దాటగానే చేతుల్లో జిల్లుమనదు. ఆరో గేరు వచ్చింది, లిక్విడ్ కూలింగ్ వచ్చింది, 90-100 మధ్య నిమ్మళంగా పోతుంది. ఓవర్‌టేక్ చేయాలంటే మాత్రం ఒక గేరు దించి, ముందే ఆలోచించుకుని వెళ్లాలి. అంతకంటే తొందరపడే పని మనకి హైవే మీద లేదు.

ఇక అసలు సంగతి. నా దృష్టిలో ఈ రెండిట్లో ఏది అన్నది తేల్చేది పవరూ కాదు, డబ్బూ కాదు. కాలు. మీ కాలు నేలకి ఎప్పుడు తగులుతుంది అన్నది.

మన చుట్టుపక్కల మట్టి ఎలాంటిదో ఒకసారి గుర్తు చేసుకోండి. యూట్యూబ్‌లో చూసే గులకరాళ్ల ఎడారి, అడవిలో ఎర్రమట్టి దారి మనకి తక్కువ. కొండపల్లి వైపు కొంత ఉన్నా అది రిజర్వు ఫారెస్టు, అనుమతి లేకుండా లోపలికి బండి దించకూడదు. మనకి నిజంగా ఉన్నవి పెదనందిపాడు వైపు నల్లరేగడి డొంకలు, డెల్టాలో కాలవ గట్లు, తుళ్లూరు, మందడం పొలాల మధ్య పాత దారులు. అమరావతి రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాక ఆ దారుల్లో టిప్పర్లు తిరిగి మోకాలి లోతు గాడులు పడ్డాయి. వాన పడితే రేగడి అరిసెల పాకంలా టైరుకి పట్టుకుంటుంది. ఇలాంటి చోట నిలబడి, బండిని గాల్లోకి లేపి పోయే విన్యాసాలు ఉండవు. మొదటి గేరులో, క్లచ్ మీద వేలు పెట్టి, అవసరమైనప్పుడల్లా కాలు దించుతూ మెల్లగా లాక్కుంటూ పోవడమే.

కాలవ గట్టు మీద ఇంకో చిక్కుంది, షోరూములో అది కనపడదు. ట్రాక్టర్లు తిరిగి రెండు గాడులు పడి ఉంటాయి, నడుమ గడ్డి మిట్ట. గాడిలో పోతున్నంతసేపూ రెండు పక్కలా నేల ఎత్తుగా ఉంటుంది, ఎంతెత్తు బండైనా కాలు సుళువుగా అందుతుంది. టైరు జారి మిట్టెక్కిందో, గట్టు అంచుకొచ్చిందో, లెక్క తిరగబడుతుంది. టైరు పైన, మీ కాలు దించాల్సిన నేల కింద. అప్పుడు 890 సీటు 890గా ఉండదు. కింద మెత్తగా ఉంటే బూటు ఇంకో రెండంగుళాలు దిగబడుతుంది. ఈలోపు బండి వాలిపోతూనే ఉంటుంది. కొంత దాకా వాలినదాన్ని ఆపుకోవచ్చు, అది దాటితే 177 కిలోల్ని ఎంత కండ ఉన్నవాడూ ఒంటికాలి మీద నిలబెట్టలేడు.

దుగ్గిరాల దిగువన కొమ్మమూరు కాలవ గట్టు మీద నాకు సరిగ్గా ఇదే జరిగింది. పొడుగు సస్పెన్షన్ 390 మా బావమరిదిది. నేను ఐదడుగుల ఆరంగుళాలు, వాడు ఆరడుగులు. నడిమి మిట్ట మీద ముందు చక్రం జారింది, ఎడం కాలు దించాను, అందాల్సిన చోట నేల అందలేదు. స్పీడేమీ లేదు, నడిచినంత వేగం. బండి నెమ్మదిగా, మర్యాదగా పడుకుంది. హ్యాండిల్‌ని ఒక పక్కకి పూర్తిగా తిప్పి, సీటుకి వీపు ఆనించి, కాళ్ల బలంతో లేపాలని అందరికీ తెలుసు, కానీ ఆ బురదలో ఆనించిన కాళ్లు జారిపోతుంటే ఆ విద్య పనిచేయదు. గడ్డిమోపుతో వస్తున్న ఒక పెద్దాయన మోపు దించి చెయ్యేశాడు. లేపాక బండినీ నన్నూ పైనుంచి కిందికి చూసి, "ఇంతెత్తుది ఎందుకయ్యా నీకు" అని మోపెత్తుకుని పోయాడు.

బావమరిది నవ్వుతూనే ఉన్నాడు. "బావా, నీ కాళ్లు పొట్టివైతే బండిదా తప్పు?" వాడన్నదీ నిజమే. అదే చోట వాడికి రెండు పాదాలూ నిండుగా ఆనాయి. 390 సీటు ముందు భాగం సన్నగా ఉంటుంది, మనిషి కూర్చుంటే స్ప్రింగు కొంత దిగుతుంది. కాబట్టి ఐదడుగుల పదంగుళాల పైన ఉన్నవాళ్లకి 890 అంత భయపడాల్సిన అంకె కాదు. అక్కడి నుంచి కిందున్నవాళ్ల సంగతే నేను చెప్పేది, మనలో ఎక్కువమంది అక్కడే ఉన్నాం. అదే గట్టు మీద నా 210 కూడా జారింది. ఆరు సెంటీమీటర్ల తేడా. కాలు ఆనింది, తోసుకుని బయటపడ్డాను. అవును, నేను 210 కొన్నాను, ఇకనుంచి చదివేది ఆ సంగతి తెలిసి చదవండి.

"మరి 860 సీటున్న మామూలు 390?" అని అడుగుతారు. నిజానికి పొట్టివాళ్లకి 390ల్లో అదే సరైనది. కానీ ట్రావెల్‌లో 210కి దాదాపు సమానంగా ఉండి, సీటు ఇంకా మూడు సెంటీమీటర్లు ఎత్తుండి, ధర దాదాపు రెట్టింపు పెట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. ఆ ఇంజను కోసం అంటే సరే, ఆ ఒక్కమాటకి నా దగ్గర జవాబు లేదు.

ఎందుకంటే ఇసుకలో ఆ ఇంజను ముందు 210 నిలవదు. కృష్ణలో నీళ్లు తగ్గాక లంకల అంచున మెత్తటి ఇసుకలో దిగితే 210 రొప్పుతుంది. గేరు దించి పీకుతుంటే ముందు చక్రం దున్నుకుంటూ పోతుంది. 390ని కొంచెం వెనక్కి జరిగి థ్రాటిల్ తెరిస్తే ముందు చక్రం తేలికై ఇసుక మీద తేలుకుంటూ పోతుంది. మీరు తిరిగేది ఎక్కువగా ఇసుకైతే, పైన నేను రాసినదంతా పక్కన పెట్టి 390 కొనుక్కోండి. గట్టి కంకర మీద స్పీడుగా పోవడంలోనూ అంతే.

ఎండ గురించి రెండు ముక్కలు. రెండిటికీ రేడియేటరుంది, మే నెలలో మొదటి గేరులో అరగంట తోలితే రెండిటి ఫ్యానూ ఆగదు. 390 వేడి పిక్కలకి ఎక్కువ తగులుతుంది, పెద్ద ఇంజను కదా. ఇక్కడ చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది: రేగడి చిమ్మి రేడియేటరు రెక్కల మధ్య ఎండిపోతే గాలి ఆడదు. ఇంటికి రాగానే ఇంజను చల్లారాక మెల్లటి నీటి ధారతో కడగండి. ప్రెషర్ వాషరు దగ్గరగా పెడితే ఆ రెక్కలు మడత పడతాయి. రేడియేటరుకి గార్డు వేయించుకోవడం తప్పనిసరి, ఏ బండైనా సరే.

డబ్బు లెక్కలో ఒక మార్పు మర్చిపోవద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆ పైవాటికి 40 అయింది. 210 ఆ గీతకి ఇవతల, 399 సీసీ 390 అవతల. కాబట్టి పైన రాసిన ధరలు విడుదలప్పటివి, ఈరోజు ఆన్‌రోడ్డు ఎంతో షోరూములోనే రాయించుకోండి. పడ్డప్పుడు విరిగే లివర్లు, ఇండికేటర్లు, హ్యాండిల్ కూడా లెక్కలో వేసుకోండి, మట్టిలో తిరిగే బండి పడకుండా ఉండదు. హీరో సామాను తెనాలి, నరసరావుపేటలోనూ దొరుకుతుంది. కేటీఎం అయితే పెద్ద ఊరికే రావాలి. వంగినవి సరిచేయడానికి రెండిటికీ బెజవాడ ఆటోనగర్ ఉండనే ఉంది.

390 ట్యాంకు తొమ్మిది లీటర్లేనని బయట పెద్ద చర్చ. మన డెల్టాలో పెట్రోలు బంకు లేని పక్క ఏది? లదాఖ్ పోయేవాళ్ల బాధ మనకెందుకు. 210కి పదమూడు లీటర్లు, అదనపు సుఖం, అంతే.

మిగతావి కూడా అడుగుతారు గనక చెప్తున్నా. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 మంచి బండే, దూరాభారం పోవడానికి. 196 కిలోలని తడి రేగడిలోకి తోలాలనిపిస్తే తోడుగా ఇద్దరిని తీసుకెళ్లండి. కవాసాకి కేఎల్ఎక్స్ 230 బరువు 139 కిలోలే, బురదలో అన్నిటికన్నా అదే హాయి. కానీ 880 సీటు, 7.6 లీటర్ల ట్యాంకు, 18 పీఎస్‌తో హైవే మీద లారీల మధ్య పోవాలంటే గుండె దిటవు కావాలి. సెకండ్ హ్యాండులో ఎక్స్‌పల్స్ 200 4వీ ప్రో దొరికితే దాని 250 మి.మీ. ఫోర్కు చూసి మురిసిపోకండి, సీటు 891. మళ్లీ అదే కథ.

టెస్ట్ రైడ్‌కి వెళ్తే బందరు రోడ్డు మీద రెండు రౌండ్లు తిప్పి పంపిస్తారు, దాంతో ఏమీ తెలియదు. ఇంజను ఎలా లాగుతుందో చూడటం మానేసి ఇంకో పని చేయండి. తారు అంచు పక్కన మార్జిన్ దిగి ఉన్న చోట చూసి, బండిని సరిగ్గా అంచు మీద ఆపి, కిందున్న పక్కకి కాలు దించండి. కూడా వచ్చిన మనిషిని అవతల పక్క పట్టుకోమనండి. మడమ ఆనిందా, వేళ్లే ఆనాయా, అసలేమీ ఆనలేదా. తర్వాత ఫుట్‌పెగ్గుల మీద నిలబడి మొదటి గేరులో హ్యాండిల్ పూర్తిగా తిప్పి, ఎంత చిన్న చుట్టు తిప్పగలరో తిప్పండి. మట్టిలో వేసుకోబోయే బూట్లతోనే వెళ్లండి, చెప్పులేసుకుని చూసిన ఎత్తు లెక్కలోకి రాదు.

ఏది కొన్నా ఒక 21 అంగుళాల ట్యూబు సంచిలో పడేసుకోండి. రెండిటికీ ముందు 21, వెనక 18 అంగుళాల స్పోకు చక్రాలు, ట్యూబు టైర్లు. పల్లెటూరి పంక్చరు షాపులో 21 దొరకదు. వెనక టైరు పంక్చరైతే అదే ట్యూబుని మడత పడకుండా సర్ది ఎక్కించి ఇల్లు చేరొచ్చు, 18ని మాత్రం ముందు చక్రానికి ఎక్కించలేరు.