మోకాళ్ళ క్లినిక్ మంచిదే, మెట్లే ఎక్కువ

ముందు లోపం చెప్పేస్తాను. రాజమండ్రిలో మా పేటలో ఉన్న ఈ ఫిజియోథెరపీ క్లినిక్ రెండో అంతస్తులో ఉంది. లిఫ్ట్ లేదు. వచ్చేదేమో సగానికి సగం మోకాళ్ళ నొప్పుల వాళ్ళే. ఎవరికి తట్టిందో ఈ ఐడియా!

అయినా వెళ్ళమనే అంటాను. బడిలో రోజంతా నిలబడి పాఠాలు చెప్పిన కాళ్ళు నావి. గుజ్జు అరిగింది, ఆపరేషన్ దాకా రాలేదు, ఎక్సర్‌సైజులు చెయ్యమన్నారు డాక్టరుగారు. అందరిలాగే నేనూ నొప్పి తగ్గడానికి మెషీనుతో కరెంటు పెట్టించుకుందామనే వెళ్ళాను. పెట్టారు, హాయిగానే ఉంది. కానీ ఫిజియో మేడమ్ మొహమాటం లేకుండా చెప్పేసింది: "ఇది ఈ పూటకేనమ్మా. మీ తొడ కండ గట్టిపడితేనే మోకాలికి ఆసరా."

ఆవిడ నేర్పే తీరుకే డబ్బులివ్వాలి. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి, అయిదు లెక్కపెట్టి వదలాలి. నేను ఊపిరి బిగబట్టి నడుముతో తోస్తుంటే ఆపి, నా చేతినే నా తొడ మీద పెట్టించి, కండ బిగుస్తోందో లేదో నన్నే చూసుకోమంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం నావల్ల కాలేదు. సీటు మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచింది. అలవాటయ్యాక ఒకటి తీసేసింది, తర్వాత రెండోదీ. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా పర్లేదట, మర్నాటికి సర్దుకోవాలి. సర్దుకోకపోయినా, వాపొచ్చినా లెక్క తగ్గించాలి గానీ మొత్తం మానెయ్యకూడదు.

బరువు ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని కూడా చెప్పింది. పూతరేకుల ఆత్రేయపురం పక్కనుంచుకుని ఈ మాట వినడం కష్టమే.

బాసింపట్టు వేసుకుని పూజకు కూర్చోవడం ఇప్పటికీ కుదరదు, పీటకు బదులు స్టూలే. రైతుబజారు నుంచి సంచీతో నడిచి మాత్రం వచ్చేస్తున్నాను.

కౌంటర్ దగ్గర ప్యాకేజీ తీసుకోమని, మోకాలికి తొడుక్కునే పట్టీ (knee cap) కొనమని ఒకటే పోరు. వద్దనెయ్యండి. ఎక్సర్‌సైజులు చేతికొచ్చేదాకా వెళ్ళి, తర్వాత ఇంట్లో చేసుకుంటూ అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలు. నాలుగు స్టార్లు.

సాయంత్రం రద్దీ, పొద్దున్నే వెళ్ళండి. ఆడవాళ్ళు చీరతో వెళ్ళకండి, బల్ల మీద పడుకోబెట్టి కాలెత్తమంటారు.