అర్థశాస్త్రానికి లైబ్రరీ మేలా, ఆన్‌లైన్ మేలా?

డిగ్రీలో ఎకనామిక్స్ తీసుకున్నవాళ్లూ, గ్రూప్-2కి చదివేవాళ్లూ తరచూ అడిగే ప్రశ్న ఇది. నా లెక్క ముందే చెప్పేస్తాను: సిద్ధాంతానికి లైబ్రరీ, అంకెలకు ఆన్‌లైన్. దీన్ని తారుమారు చేసుకున్నవాళ్లే ఎక్కువ టెన్షన్ పడుతుంటారు.

డిమాండ్ సూత్రం, ఉదాసీనతా వక్రరేఖలు, గుణకం లాంటివి ఏటేటా మారవు. ఇరవై ఏళ్ల కిందటి పుస్తకమైనా పనికొస్తుంది. పైగా ఇవి పక్కన తెల్ల కాగితం పెట్టుకుని, రేఖ ఎందుకు అలా వంగిందో గీసి చూసుకుంటూ చదవాల్సినవి. ఫోన్లో పటం ఒక చోట, వివరణ ఇంకో చోట ఉంటే పైకీ కిందకీ జరపడంలోనే బుర్ర అలిసిపోతుంది.

హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తే కుర్చీలన్నీ ఉద్యోగార్థులతో నిండి ఉంటాయి. చాలామంది సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుతారు తప్ప బీరువాల వైపు చూడరు. చూడాలి. ఒక్కో విషయానికి ఒక్కో నంబరిచ్చే డ్యూయీ పద్ధతిలో సర్దిన లైబ్రరీ అయితే అర్థశాస్త్రం 330 దగ్గర మొదలవుతుంది. భారత ఆర్థిక వ్యవస్థకు 330.954, ద్రవ్యం, బ్యాంకింగ్‌కు 332, ప్రభుత్వ విత్తానికి 336, స్థూల అర్థశాస్త్రానికి 339. నంబరు ఒక చోట, పుస్తకం ఇంకో బీరువాలో ఉండడం మన లైబ్రరీల్లో మామూలే కాబట్టి లైబ్రేరియన్ని అడగడానికి మొహమాటపడొద్దు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం కదా!

తెలుగు మీడియం వాళ్లకైతే లైబ్రరీకి పోటీయే లేదు. ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల ఎకనామిక్స్ పుస్తకాలు ఆన్‌లైన్లో ఉచితమే, బాగుంటాయి కూడా. కానీ తెలుగులో లేవు. ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) పాఠాలుండే ఈ-జ్ఞాన్‌కోశ్ వెబ్‌సైట్లోనూ ఎక్కువగా ఇంగ్లిష్, హిందీయే. తెలుగులో వరుసగా, పరీక్షలో రాసే పదజాలంతో చదవాలంటే తెలుగు అకాడమీ పుస్తకాలు, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠ్యపుస్తకాలే దిక్కు. అవి ఎక్కువగా దొరికేది లైబ్రరీలోనే, లేదా కొనుక్కోవాలి.

భారత ఆర్థిక వ్యవస్థ దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడుతుంది. బీరువాలోంచి తీసిన పుస్తకంలో ప్రణాళికా సంఘం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. దాని స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది 2015 జనవరి 1న. అమ్మకం పన్ను, ఎక్సైజ్ సుంకం గురించి పేజీలకు పేజీలుంటాయి. వాటిలో చాలావాటి స్థానంలో 2017 జులై 1 నుంచి జీఎస్టీ వచ్చేసింది. జీడీపీ అంకెలతో ఇంకా ప్రమాదం. 2004-05 ఆధార సంవత్సరంగా, అంటే ఆ ఏటి ధరలతో వేసిన లెక్క వేరు, 2011-12తో వేసింది వేరు. పాత పుస్తకంలోని అంకెను కొత్తదాని పక్కన పెట్టి పోలిస్తే జవాబు తప్పుతుంది. ఈ భాగానికి పుస్తకం తీసే ముందు ముద్రణ సంవత్సరం చూడండి.

అంకెలకు ఆన్‌లైన్ అన్నాను గానీ, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు కాదు. వాటిలో చాలావాటికి అంకె ఎక్కడిదో, ఏ ఏడాదిదో ఉండదు. ఒకే ఏడాది వృద్ధి రేటుకు జనవరిలో మొదటి ముందస్తు అంచనా, ఫిబ్రవరి చివర రెండోది, మే చివర తాత్కాలిక అంచనా వస్తాయి, తర్వాత సవరణలూ ఉంటాయి. ఏ అంచనానో తెలియని అంకె ఎంత బట్టీ పట్టినా దండగ. అదేదో అసలు చోటుకే వెళ్లండి: కేంద్ర ఆర్థిక సర్వే, అందులోని గణాంక అనుబంధం, రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్లో భారత ఆర్థిక వ్యవస్థ గణాంకాల హ్యాండ్‌బుక్, బడ్జెట్ సమయంలో వచ్చే తెలంగాణ సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్, ఆంధ్రప్రదేశ్ సామాజిక ఆర్థిక సర్వే. అన్నీ ఉచితమే. సర్వే మొత్తం చదవక్కర్లేదు, మీ సిలబస్‌లో ఉన్న అధ్యాయం, దాని పట్టికలు చాలు.

యూట్యూబ్ పాఠాలు రేఖ ఎటు జరుగుతుందో చూడ్డానికి భలే పనికొస్తాయి. నోట్స్ మాత్రం అక్కడి నుంచి రాసుకోకండి.

ఎంఏ, పీహెచ్‌డీ వాళ్ల సంగతి వేరు. వాళ్లకు జర్నళ్లు కావాలి, అవి జిల్లా లైబ్రరీలో ఉండవు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదువుతుంటే ముందు క్యాంపస్ లైబ్రరీలో లాగిన్ గురించి అడగండి. ప్రభుత్వ విద్యాసంస్థలకు జర్నళ్లు అందించే కేంద్ర పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. మన జిల్లాల వ్యవసాయం, వలసల మీద ఇక్కడి యూనివర్సిటీల్లో వచ్చిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల కోసం, అలాంటివి దాచిపెట్టే వెబ్‌సైట్ శోధ్‌గంగలో వెతకండి. అది అందరికీ తెరిచే ఉంటుంది.

దినపత్రికలు తప్ప ఏమీ లేని శాఖా గ్రంథాలయం ఉన్న ఊరివాళ్లయితే, ఇంగ్లిష్ కొంచెం వస్తే చాలు, ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రం పుస్తకాలు డౌన్‌లోడ్ చేసి జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోండి. ఇంగ్లిష్‌తో ఇబ్బందైతే ఆ ఖర్చు తెలుగు అకాడమీ పుస్తకం మీద పెట్టండి.