అన్‌లిమిటెడ్ బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

లైన్ మీద నాకు ఫిర్యాదు లేదు. కనెక్షన్ పోవడం అరుదు. నెల మొదట్లో చెప్పిన 100 ఎంబీపీఎస్ దాదాపుగా వస్తుంది. బాధంతా ఎఫ్‌యూపీ లిమిట్, అంటే నెలకు పూర్తి వేగంతో ఇంత డేటా అని కంపెనీ పెట్టే హద్దు, దాటాకే. వేగం ఒక్కసారిగా 2 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. మెసేజ్‌లు వెళ్తాయి, మెయిల్ తెరుచుకుంటుంది. ఇంట్లో ఒకరు వీడియో కాల్‌లో ఉంటే మాత్రం ఇంకొకరు ఏ పనీ చేసుకోలేరు. ఆ సమయంలో ఏదో ఫోన్‌లో అప్‌డేట్ మొదలైతే కాల్ కూడా కట్. పైగా అప్‌లోడ్ కూడా లిమిట్‌లోకే లెక్క. ఫోటోలు బ్యాకప్ పెట్టిన నెలలో లిమిట్ తొందరగా అయిపోయేది అందుకే.

లిమిట్ దాటాక ఇలా వేగం తగ్గించడం నెట్ న్యూట్రాలిటీ (నెట్ కంపెనీ అన్ని సైట్లనూ సమానంగా చూడాలన్న సూత్రం) ఉల్లంఘన అని చాలామంది అంటారు. కాదు. అన్ని సైట్లకూ ఒకేలా వేగం తగ్గిస్తే ఆ నియమాలు సాధారణంగా అడ్డుపడవు. ఒక సైటును తొక్కిపెట్టి, డబ్బు కట్టిన ఇంకో సైటును ముందుకు పంపకుండా చూడటం వాటి పని. 2007లో అమెరికాలో కామ్‌కాస్ట్ అనే నెట్ కంపెనీ, ఫైళ్లు పంచుకునే బిట్‌టొరెంట్ ట్రాఫిక్‌ను అడ్డుకున్నప్పుడు గొడవైంది దాని మీదే. భారత్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో సైటును బట్టి డేటా రేటు మార్చకూడదని చెప్పింది. అమెరికాలో 2015 నాటి నియమాలను 2017లో ఎత్తేశారు, 2024లో మళ్లీ తెచ్చారు, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది.

లిమిట్ దాటకపోయినా సాయంత్రాలు వీడియోలు ఆగి ఆగి వచ్చేవి. కావాలనే తగ్గిస్తున్నారేమోనని మామూలు స్పీడ్ టెస్ట్, నెట్‌ఫ్లిక్స్ వాళ్ల ఫాస్ట్ డాట్ కామ్ రెండూ పెట్టి చూశాను. ఫాస్ట్ డాట్ కామ్ నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచే కొలుస్తుంది కాబట్టి తేడా ఉంటే బయటపడుతుంది. ఏ సైటు చూస్తున్నామో నెట్ కంపెనీకి తెలియకుండా వేరే సర్వర్ మీదుగా పంపే వీపీఎన్‌తోనూ చూశాను. వీపీఎన్ వేయగానే వేగం పెరిగితే అనుమానించాల్సిందే, అయితే దారి మారడం వల్ల కూడా పెరగొచ్చు, ఒక్క టెస్ట్‌తో తేల్చకూడదు. నా దగ్గర అన్నింట్లోనూ ఒకేలా తగ్గింది. అంటే బహుశా రద్దీ వేళ అందరికీ సరిపడా సామర్థ్యం లేదు. కస్టమర్ కేర్ మాత్రం ప్రతిసారీ రూటర్ రీస్టార్ట్ చేయమనే చెబుతుంది.

యూరోపియన్ యూనియన్ 2015లో చేసిన నియమంలో నాకు బాగా నచ్చింది ఇదే: ఇంటి కనెక్షన్ అయితే కనీస వేగం, మామూలుగా అందే వేగం, గరిష్ఠ వేగం ఒప్పందంలోనే రాయాలి. ఇలాంటిది ప్రతిచోటా ఉండాలి.

5కి 3 ఇస్తున్నాను. ఒక్కరే ఉండి తక్కువ వాడేవాళ్లకు చాలు. ఇంటి నుంచి పని చేసేవాళ్లు లిమిట్ ఎంత, దాటాక వేగం ఎంత అన్నవి రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టండి.